రేకుపలక మీద బొమ్మ

మొన్న నొక డబ్బారేకును ఉప్పుకాగితముతో రుద్ది, తెల్లపూత వేసి యారబెట్టి, దానిమీద తైలవర్ణములతో చిన్న బొమ్మ వేయ యత్నించితిని. గుడ్డ రంగును పట్టుకొనును, రేకు పట్టుకొనదు. కుంచె జారును, నూనె యింకదు, వెంట్రుకవంటి గీతయైనను పడినచోటనే నిగనిగలాడుచు నిలిచిపోవును. తప్పును దాచుకొనుటకు అక్కడ నేత లేదు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో 1932లో రేకునే యేల యెన్నుకొనెనో ఆ సాయంకాలము నా చేతికి కొంత తెలిసినది.

మెక్సికో దేశపు దేవాలయములలో భక్తులు మ్రొక్కుబడిగా సమర్పించు రేకుపలకలు కలవు. జ్వరమునుండియో, గుఱ్ఱముమీదినుండి పడిన యపాయమునుండియో బయటపడినవాడు ఊరి చిత్రకారునిచేత ఆ యాపదను వ్రాయించి, పైన మేఘములలో తన్ను గాచిన దేవమాతను నిలిపించి, అడుగున నాలుగు పంక్తుల కృతజ్ఞతను తేదీతోసహా చేర్పించును. ఆ చిత్రకారునకు శరీరశాస్త్రము రాకపోవచ్చును గాని, జరిగినదానిని జరిగినట్లు చెప్పవలెనన్న నిష్ఠ యున్నది. భర్త డియేగో రివేరాతో గూడి ఫ్రీడా ఇట్టి పలకలను వందలకొలది కూర్చెను. కోయొకాన్‌లో ఆమె పెరిగిన నీలియింట అవి నేటికిని గలవు.

1932లో డియేగో డెట్రాయిట్ కళామందిరపు గోడలమీద కర్మాగారముల మహాచిత్రములను వ్రాయుటకు పూనుకొనిన దినములలో, ఆమెకు అక్కడి యాసుపత్రిలో గర్భస్రావమయ్యెను. ఆ దుఃఖమును ఆమె అడుగు పొడవును కొంచెము మించిన రేకుమీద నిలిపెను. ఇనుపమంచముమీద నగ్నముగా, నెత్తుటి దుప్పటిపై పడియున్న ఫ్రీడా; చెంపపై పెద్ద కన్నీటిచుక్క; చేతినుండి బయలుదేరిన ఎఱ్ఱని దారముల కొసలయందు పిండము, నత్త, కటియెముక, యంత్రము, పువ్వు, దేహపు నమూనా; దూరమున ఫోర్డు కర్మాగారము. మంచపు చట్రముమీద ఊరును, నెలను, సంవత్సరమును వ్రాసెను. మ్రొక్కుబడిపలకకు గావలసినదంతయు నున్నది, మేఘములలో దేవత తప్ప. ఈ చిత్రమును గోడంత పెంచి అచ్చువేయుట నాకు అపచారముగనే తోచును. చేతబట్టుకొని దగ్గరగా చూడదగిన దుఃఖమది.

ఆమె పెద్ద గుడ్డలమీదను వ్రాయకపోలేదు; 1939 నాటి ‘ఇద్దరు ఫ్రీడాలు’ నిలువెత్తు చిత్రము. నా మనస్సు మాత్రము పలకలకే మరలుచుండును, అందులోను ఒక దానికి. 1925 సెప్టెంబరు 17న, తన పదునెనిమిదేండ్ల వయసున, ఆమె యెక్కిన బస్సును ట్రాము గ్రుద్దగా ఇనుపకడ్డీ కటిప్రదేశమును దూసికొనిపోయి వెన్నెముక విఱిగెను; మంచమునకు పైన అమర్చిన అద్దములో తన ముఖమునే చూచుకొనుచు కుంచె పట్టినదియు ఆ పిమ్మటనే. చాలయేండ్లకు, ఎవరో ఊరి చిత్రకారుడు ఎవరికొఱకో వ్రాసిన అట్టి ప్రమాదపు పలక యొకటి ఆమెకు దొరకెను. ఆమె దానిని క్రొత్తగ వ్రాయలేదు. పడియున్న పిల్ల కనుబొమలను తనవానివలె నడుమ గలిపి, బండ్లమీద పేర్లు చేర్చి, అడుగున తన తల్లిదండ్రులు దుఃఖమాతకు కృతజ్ఞత చెప్పుకొనినట్లు అక్షరములు వ్రాసెను. పలక పైమూలను ఆ దేవమాత యున్నది. డెట్రాయిట్ బొమ్మలో ఫ్రీడా ఖాళీగా వదలిన చోటు అదియే.