చందమామ మీద తలుపు

ఆట మొదలైన కాసేపటికే ఎవరో తలుపు తడతారు. తీస్తే పైకప్పు పట్టాకి వేలాడుతూ ఒక లోహపు బంతి లోపలికి వస్తుంది. దానికి ఒకటే కన్ను, నీలంగా మెరుస్తుంటుంది. వాడి పేరు వీట్లీ. ఏళ్ల తరబడి నిద్రలో ఉండి లేచిన మన కథానాయిక చెల్‌కి మెదడు ఏమైనా దెబ్బతిందేమోనని వాడి బెంగ. అందుకని ఒక చిన్న పరీక్ష పెడతాడు. ‘యాపిల్’ అనమంటాడు. మాట్లాడాలంటే స్పేస్ మీట నొక్కమని తెర మీద సూచన కూడా వస్తుంది. నొక్కుతాం. చెల్ నోరు విప్పదు, ఉన్నచోటే ఎగిరి గెంతుతుంది. నువ్వు చేసింది మాట్లాడటం కాదు, గెంతడం అని వీట్లీ చాలా ఓపిగ్గా చెబుతాడు.

మా అక్క కూతురు పదో తరగతి సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు ఈ చోట పడీ పడీ నవ్వింది. ఇంకో నాలుగుసార్లు గెంతించి చూసింది. గెంతే మీట ఏదో దానికి ఎవరూ నేర్పలేదు. చెల్ ఆట అయ్యేదాకా ఒక్క మాటా మాట్లాడదనీ, ఈ బంతిగాడు మనసున్నవాడే కానీ బుర్ర కాస్త తక్కువనీ కూడా ఎవరూ చెప్పలేదు. అన్నీ ఆ నవ్వుతోపాటే దానికి అందాయి. ‘పోర్టల్ 2’ పనితనమంతా ఇదే పద్ధతిలో సాగుతుంది. కథలో కావలసింది ఏదైనా ముందు మన చేతికి అలవాటు చేస్తుంది. అర్థం తర్వాత తెలుస్తుంది.

ఈ ఆటని అమెరికాకి చెందిన వాల్వ్ సంస్థ 2011 ఏప్రిల్‌లో విడుదల చేసింది. మొదటి ‘పోర్టల్’ 2007లో ‘ఆరెంజ్ బాక్స్’ అనే సంపుటిలో మరికొన్ని ఆటలతో కలిపి వచ్చింది. నాలుగు గంటలు కూడా పట్టని చిన్న ఆట. దాని మూలం ఇంకా చిన్నది. డిజిపెన్ అనే కళాశాలలో విద్యార్థులు చేసిన ‘నార్బక్యులర్ డ్రాప్’ చూసి ముచ్చటపడి ఆ బృందాన్ని వాల్వ్ తన దగ్గరే పెట్టుకుంది. రెండో భాగంలో నేల మీద పూసే రంగుల ఊహ కూడా అదే కళాశాలలోని మరో విద్యార్థి బృందం నుంచి వచ్చింది, వాళ్లనీ సంస్థ తీసుకుంది.

ఆట తెలియని వాళ్ల కోసం అసలు కిటుకు చెప్పాలి. చెల్ చేతిలో ఒక తుపాకీ ఉంటుంది. దాంతో ఎవరినీ చంపలేం. ఒక గోడ మీద నీలం ద్వారం, ఇంకో గోడ మీద నారింజ ద్వారం తెరవగలం. ఒకదాంట్లో అడుగు పెడితే రెండోదాంట్లోంచి బయటికి వస్తాం. పైనుంచి దూకి నేల మీది ద్వారంలో పడితే, ఆ పడిన వేగంతోనే గోడ మీది ద్వారంలోంచి విసిరిన రాయిలా దూసుకొస్తాం. ఒక్కటే నియమం: ద్వారం తెల్లటి పలకల మీదే తెరుచుకుంటుంది, నల్లటి లోహం మీద పడదు. అంతే. అపెర్చర్ సైన్స్ అనే ప్రయోగశాలలో గ్లాడోస్ అనే యంత్రం ఒకదాని తర్వాత ఒకటి పరీక్షల గదులు పెడుతుంటే, ఈ తుపాకీతో దారి కనుక్కోవాలి.

మొదటి ఆట చివర గ్లాడోస్ ముక్కలైపోతుంది. దాని తీయటి గొంతు వెనక విషం ఉందన్న సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఆ ఆశ్చర్యం ఇక పనికిరాదు. మరి రెండో భాగంలో ఏం చెయ్యాలి? రచయితలు ఎరిక్ వోల్‌పా, జే పింకర్టన్, చెట్ ఫలిసెక్ ఇక్కడ తీసుకున్న నిర్ణయం నాకు చాలా ఇష్టం. గ్లాడోస్‌ని మళ్లీ లేపారు, మన చేతే లేపించారు. తర్వాత సింహాసనం మీంచి దింపి, బంగాళాదుంప బ్యాటరీతో నడిచే చిన్న చిప్‌లోకి కుదించారు. ప్రయోగశాల మొత్తాన్ని ఏలిన యంత్రం 1.1 వోల్టుల కరెంటుతో మన తుపాకీ కొసకి గుచ్చుకుని ప్రయాణం చేస్తుంది. ఆ పీఠం మీద కూర్చున్నది మన బంతిగాడు వీట్లీ.

ఈ బంగాళాదుంప కూడా ఊరికే ఊడిపడలేదు. అంతకుముందే ఒక పాడుబడ్డ గదిలోంచి నడుస్తాం. ఉద్యోగులు తమ ఆడపిల్లల్ని ఆఫీసుకి తీసుకొచ్చిన రోజున పెట్టిన సైన్స్ ప్రదర్శన అది. వరసగా బంగాళాదుంప బ్యాటరీలు. వాటిలో ఒకటి చెట్టంత పెరిగి పైకప్పుకి పాకింది. దాని పక్కన ఉన్న అట్ట మీద రాసిన పేరు చెల్. చూడని వాళ్లు చూడరు, ఆట ఎవరినీ ఆపి చూపించదు. చూసినవాళ్లకి మాత్రం ఈ అమ్మాయి ఇక్కడికి ఎలా వచ్చిందో ఒక్కసారిగా గుండెలో తగులుతుంది.

గదుల గురించి మాట్లాడాలి, ఈ ఆటలో అసలు పనివాళ్ల చెయ్యి తెలిసేది వాటిలోనే. గ్లాడోస్ లేచాక మనకి పెట్టే గదులు మన కళ్ల ముందే బాగుపడుతుంటాయి. గోడ పలకలు ఒక్కొక్కటీ చేతుల్లా కదిలి, దుమ్ము దులుపుకుని, అల్లుకున్న తీగల్ని విదిలించి తమ చోట్లో కూర్చుంటాయి. కోపంగా ఉన్నా పనిలో శుభ్రత తప్పని మనిషి ఇల్లు సర్దుతున్నట్టుంటుంది. వీట్లీ చేతికి వచ్చాక అవే పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రెండు వేర్వేరు గదుల్ని బలవంతంగా ఒకదాంట్లోకి ఇరికించి కొత్త పరీక్ష అంటాడు. కాపలా తుపాకుల్ని పెట్టెల్లోకి కుక్కి, కాళ్లతో గెంతే వింత పెట్టెల్ని తయారుచేస్తాడు. ఎవరి చేతిరాత వాళ్లదే అన్నట్టు, గోడ చూస్తే అది ఎవరు పెట్టిన గదో తెలిసిపోతుంది. పాత్ర స్వభావాన్ని సంభాషణల్లో రాయడం చాలామందికి వచ్చు. ఇటుకల్లో, పలకల్లో రాసినవాళ్లు అరుదు.

వీట్లీని ఓడించడానికి గ్లాడోస్ ఒక తర్కపు ముడి విసురుతుంది, ‘ఈ వాక్యం అబద్ధం’ అని. ఏ యంత్రమైనా అక్కడ చిక్కుకుని కాలిపోవాలి. వీట్లీ ఒక్క క్షణం ఆలోచించి, నిజమే అనుకుంటా అనేసి ఊరుకుంటాడు. ఆ ముడి వాడికి ముడిలా కనిపించనేలేదు. పక్కనున్న వింత పెట్టెలు మాత్రం పాపం మెరుపులు కక్కి కూలబడతాయి. గ్లాడోస్‌ని తెలివితక్కువగా నడిపించడానికని శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా తయారుచేసిన గోళమే వీట్లీ అని అంతకుముందే తెలుస్తుంది. ఆ నిజం చెవిన పడ్డప్పుడు వాడికి వచ్చే కోపంలో నాకు నవ్వు కంటే జాలే ఎక్కువ కలిగింది. మొదట్లో ఇదే వీట్లీ, నువ్వు చూస్తుంటే నాకు పని సాగదు, కాస్త అటు తిరుగు అని మొహమాటపడతాడు. మనం నిజంగా తెరని అటు తిప్పేదాకా ఆట ముందుకి కదలదు. బొమ్మలాట ఆడించేవాడి గొంతు తెర వెనక నుంచి తోలుబొమ్మకి ప్రాణం పోసినట్టు, బ్రిటిష్ హాస్యనటుడు స్టీఫెన్ మర్చంట్ తడబడే గొంతు ఈ ఒంటికంటి బంతికి ప్రాణం పోసింది.

ఆట మధ్యలో మనం కిలోమీటర్ల లోతుకి పడిపోతాం. అపెర్చర్ సైన్స్ పాత ఉప్పు గనిలో కట్టిన సంస్థ, అడుగున ఉన్నవి 1950ల నాటి గదులు. అక్కడి నుంచి పైకి ఎక్కుతుంటే 1970లు, 1980లు వస్తాయి. కాలాన్ని అంతస్తులుగా పేర్చారన్నమాట. ఏ కాలంలోకి వచ్చామో కుర్చీలు, గోడ రంగులు, చిత్రపటాలే చెబుతాయి. స్థాపకుడు కేవ్ జాన్సన్ గొంతు రికార్డుల్లోంచి వినబడుతుంది. ఆ గొంతు జె.కె. సిమ్మన్స్‌ది. అడుగున ఆయన వ్యోమగాముల్ని, ఒలింపిక్ క్రీడాకారుల్ని, యుద్ధవీరుల్ని ప్రయోగాలకి ఆహ్వానిస్తుంటాడు. ఇంకాస్త పైన 60 డాలర్లు చేతిలో పెట్టి ఇల్లూవాకిలీ లేని వాళ్లని పిలుస్తాడు. ఇంకా పైకి వస్తే సొంత ఉద్యోగులనే ప్రయోగాలకి తోస్తాడు, మధ్యమధ్య దగ్గుతుంటాడు. ఒక సంస్థ దివాలా తీసిన కథ, ఒక మనిషి చావుకి చేరువైన కథ, రెండూ మెట్లెక్కుతూ వినడమే. ఒక చోట కేవ్ సహాయకురాలు కారొలిన్ రికార్డులో ఒక మాట అంటుంది. అదే క్షణంలో తుపాకీ కొసన ఉన్న బంగాళాదుంప అదే మాటని అదే స్వరంతో అప్రయత్నంగా పలుకుతుంది. గ్లాడోస్ లోపల ఎవరున్నారో ఆమెకీ మనకీ ఒకేసారి తెలుస్తుంది. వేరే ఏ కథలోనూ నాకు దొరకని తాకిడి అది.

ఈ పాత గనిలోనే నాకు ఒక లోపమూ కనబడుతుంది. గుహలు మరీ విశాలం. ఎక్కడో చివర చీకట్లో ఉన్న తెల్లటి ముక్క కోసం కళ్లు చికిలించి వెతకడం తప్ప ఆలోచించే పని లేని చోట్లు నాలుగైదు ఉన్నాయి. పరీక్ష గదిలో చిక్కుకుంటే మన బుద్ధి తక్కువైందనిపిస్తుంది, ఇక్కడ చిక్కుకుంటే చూపు తక్కువైందనిపిస్తుంది. ఒక అంచె నుంచి ఇంకో అంచెకి వెళ్లేటప్పుడు ఆగి ఆగి లోడయ్యే తెరలు కూడా లయని తెంపుతాయి.

ఇక్కడి నుంచి ముగింపు చెప్పబోతున్నాను. ఆడాలనుకుంటున్నవాళ్లు దయచేసి చివరి రెండు పేరాలకి వెళ్లిపోండి.

గనిలో మూడు రకాల ద్రవాలు దొరుకుతాయి. నీలం రంగుది పూస్తే నేల మనల్ని బంతిలా ఎగరేస్తుంది, నారింజది పూస్తే జారినట్టు పరుగు వస్తుంది. మూడోది తెల్లటిది, అది పూసిన చోట ఏ గోడైనా ద్వారాన్ని పట్టుకుంటుంది. దాన్ని దేనితో చేశారో కేవ్ జాన్సన్ చెబుతాడు. ఏడు డాలర్ల రాళ్లు కొనే స్తోమత కూడా లేదని లెక్కలవాళ్లు మొత్తుకుంటున్నా వినకుండా 7 కోట్ల డాలర్లు పెట్టి చంద్రుడి రాళ్లు కొని, పొడి చేయించాడు. ఆ పొడి విషమై ఆయన్నే మంచాన పడేసింది. ద్వారాలకి మాత్రం అంతకంటే మంచి పదార్థం లేదు. మనం నవ్వుకుని ముందుకి పోతాం. (చంద్రుడి ధూళి మాట పూర్తిగా కల్పన కాదు. 1972లో అపోలో 17లో వెళ్లిన హారిసన్ ష్మిట్‌కి నౌకలోకి వచ్చిన ఆ ధూళితో ముక్కు దిబ్బడేసింది.)

గంటల తర్వాత, వీట్లీతో చివరి పోరాటం. పేలుడుకి చెల్ వెల్లకిలా పడిపోతుంది. వీట్లీ కింద మాత్రం ఒక ద్వారం తెరుచుకునే ఉంది. పైకప్పు బద్దలై ఆకాశం కనబడుతుంది, నడిమధ్యన నిండు చందమామ. తెర మీద గురి గుర్తు తప్ప సూచన ఏదీ రాదు, పాత్రలెవరూ దారి చెప్పరు. నేను పక్కన ఊపిరి బిగపట్టి కూర్చున్నాను. మా మేనకోడలు రెండు క్షణాలు చూసింది. తర్వాత, ‘మావయ్యా, అది తెల్లగా ఉంది కదూ!’ అంది. మీట నొక్కింది. వెంటనే ఏమీ కాలేదు. వెలుగుకైనా ఇక్కడి నుంచి చంద్రుడిని చేరడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. ఆట కూడా అలాగే కాసేపు ఆగింది. ఆ తర్వాత చందమామ మీద మినుకుమని ఒక మెరుపు. మరుక్షణం గాలి మొత్తం శూన్యంలోకి పీల్చుకుపోతూ వీట్లీని, చెల్‌ని లాక్కెళ్లింది. చంద్రుడి మీద ద్వారం తెరిచి ప్రాణం పోగొట్టుకోవడాన్ని రచయితలు మొదట ఆట పూర్తికాకముందే వచ్చే ఒక ఉత్తుత్తి ముగింపుగా అనుకున్నారట. ఆ చిన్న చమత్కారాన్ని దాచి, రాళ్ల పొడి రూపంలో విత్తనం వేసి, కథంతటికీ శిఖరం చేశారు. అవధానంలో అసాధ్యంగా కనబడే సమస్యని పూరించినప్పుడు సభలో పుట్టే ఆనందం ఇలాంటిదే. ఇక్కడ పూరణ చేసింది పదో తరగతి పిల్ల.

సంగీతం గురించి ఒక్క మాట. మైక్ మొరాస్కీ కూర్చిన బాణీలు మనం చేసే పనిని బట్టి మారుతాయి. లేజర్ కిరణం సరైన చోట పడితే ఒక స్వరం వచ్చి కలుస్తుంది, ఎగరేసే పలక మీద కాలు పెడితే ఇంకో వరస మొదలవుతుంది. చివర్లో తుపాకుల బృందం పాడే వీడ్కోలు పాటకి గొంతు ఎలెన్ మెక్‌లెయిన్‌ది, ఆమె ఒపెరా శిక్షణ పొందిన గాయని. గ్లాడోస్, కారొలిన్, ఆ తుపాకులు, అన్నిటి గొంతూ ఆమెదే. ఇద్దరు కలిసి ఆడే విభాగం విడిగా ఉంది, అట్లాస్, పీ-బాడీ అనే రెండు రోబోలతో. చిక్కుముడులు అక్కడా గొప్పవే, కథ మాత్రం పలచన.

ఆట తెలుగులో లేదు. మాటల వేగం అందకపోతే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మొదటి ‘పోర్టల్’ ఒక సాయంత్రంలో అయిపోతుంది, ముందు అది ఆడండి. రెండోది పూర్తయ్యాక మెనూలో డెవలపర్ల వ్యాఖ్యానం ఉంటుంది, అది పెట్టుకుని మళ్లీ మొదటి గది నుంచి మొదలుపెట్టండి. ఏ గోడ ఎందుకు అక్కడ పెట్టారో, ఎక్కడ ఏం తీసేశారో చేసినవాళ్లే చెబుతారు. మా ఇంట్లో ఇప్పుడు ఆ రెండో విడత నడుస్తోంది.