ఇరవై ఐదు గంటల రోజు

అమలాపురం కుర్రాడొకడు న్యూయార్క్ వెళ్లే ఓడ మీద నుంచి ఈ వారం వాళ్ల మావయ్యకి వీడియో పంపాడు. ఆ మావయ్యే ఈ కాలమ్ రాసేవాడు. విమానంలో ఎనిమిది గంటల ప్రయాణానికి సౌతాంప్టన్ నుంచి ఏడు రాత్రుళ్లు! "రోజంతా ఏం చేశావురా?" అంటే "ఏమీ చెయ్యలేదు మావయ్యా, అదే మజా" అన్నాడు.

మావయ్యకి ఒళ్లు మండింది.

పాత పాఠకులకి ఈ మంట తెలిసిందే. రెండు వైపులా గోదారి పాయలు, మూడో వైపు సముద్రం ఉన్నా, మత్స్యకారులు తప్ప కోనసీమ జనం సముద్రానికి వీపు చూపించి కూర్చుంటారని, అంతర్వేది తీర్థానికి తప్ప అటు తిరగరని ఈ కాలమ్ ఎన్నోసార్లు దెప్పింది. తీరా తిరిగినవాడు పడుకోవడానికే తిరిగితే ఎలా?

ఆ ఓడ క్వీన్ మేరీ 2. పొడవు 345 మీటర్లు, తొలి ప్రయాణం 2004లో. అట్లాంటిక్ మీద ఇప్పుడు క్రమం తప్పకుండా అటూ ఇటూ తిరిగే లైనర్ ఇదొక్కటే. లోపల పెద్ద లైబ్రరీ ఉంది, కుక్కలకి కూడా గదులున్నాయి. మధ్యాహ్నం కెప్టెన్ మైకులో ఓడ ఎక్కడికొచ్చిందో చెబుతాడు. లండన్‌కీ న్యూయార్క్‌కీ ఐదు గంటల తేడా కదా, పడమటికి పోయేటప్పుడు ఆ ఐదింటినీ రాత్రికొకటి చొప్పున గడియారం వెనక్కి తిప్పి సర్దుతారు. ఆ రోజులకి ఇరవై ఐదేసి గంటలన్నమాట. తూర్పుకి వచ్చేటప్పుడు ఇరవై మూడే. కలిసొచ్చిన గంటని కూడా కుర్రాడు నిద్రకే వాడాడు.

మనవాళ్లెక్కిన ఓడలు వేరు. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా పోతే కొరంగి. 1839 తుపానుకి చితికిపోకముందు పేరున్న రేవు, ఓడలు కట్టిన ఊరు. తర్వాత్తర్వాత రంగం (బర్మాలోని రంగూన్) ప్రయాణాలు కాకినాడ నుంచి సాగాయి. అక్కడ లోతు తక్కువ. స్టీమరు దూరాన లంగరు వేస్తే, మూటాముల్లెతో పడవల్లో వెళ్లి ఎక్కాలి. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లలో కూలీ జనానికి కేబిన్ల మాటే లేదు, డెక్కే గతి. ఎండ, వాన, వాంతులు, పక్కవాడి కాళ్లు. దిగాక బియ్యం మిల్లులు, రేవులో బస్తాలు, దారి ఖర్చు పెట్టిన మేస్త్రీకి బాకీ తీరేదాకా చాకిరీ. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీల సమ్మె ముగిశాక వాళ్ల మీద దాడులు జరిగి చాలామంది పోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, ఓడ దొరకనివాళ్లు కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు.

సముద్ర ప్రయాణమంటే అదీ, అని మేనల్లుడికి గడ్డి పెట్టి ముగించేద్దామనుకుంటే మల్లాడి సత్యలింగం నాయకర్ గారు అడ్డొచ్చారు.

కొరంగి ప్రాంతం మనిషి. రంగం వెళ్లి, ఓడల్లో సరుకు ఎక్కించే దించే కాంట్రాక్టుల్లో బాగా సంపాదించారు. ఆ సొత్తే కాకినాడలో ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అయింది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్‌కి చదువుకోసం బయల్దేరింది ఆ ఛారిటీస్ ఇచ్చిన హామీతో, మామగారు పోగుచేసిన డబ్బుతో. అట్లాంటిక్ అవతల ఆయన చేసిన పరిశోధనల వెనక రంగం రేవు బస్తాలు కూడా ఉన్నాయి. ఆ బస్తాలు మోసినవాళ్లెవరూ తమ మనవలు కూడా మోయాలని కోరుకుని ఉండరు. కాళ్లు చాపుకోను జాగా లేని డెక్ ప్రయాణికుడికి పనిలేని రోజు, అందులోనూ ఇరవై ఐదు గంటలది, ఇస్తామంటే వద్దంటాడా? ఒళ్లు హూనమైతేనే ప్రయాణం అనే వాదం ఒడ్డున పడక్కుర్చీలో కూర్చున్నవాళ్లది. కుర్రాణ్ణి పడుకోనివ్వండి.

పాఠకులకి ఒక్క విన్నపం. ఆ బాంబుల రోజుల్లో రంగం నుంచి పసితనంలో తిరిగొచ్చినవాళ్లకి ఇప్పుడు ఎనభై దాటాయి. రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం వైపు మీ ఇళ్లల్లో అలాంటివారుంటే ఏ రేవులో దిగారో, డెక్ మీద ఏం తిన్నారో, ఎన్నాళ్లు పట్టిందో అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. అటకమీద పాత ఉత్తరాలూ టికెట్ ముక్కలూ దొరికితే పారెయ్యకండి.