పది పీటల పంక్తి

భోంచెయ్యడం ఒక ఎత్తు, ఆ భోజనానికి ఏర్పాట్లు చేసుకోవడం ఇంకో ఎత్తు. టోక్యో నగరంలో పేరుమోసిన సుషీ దుకాణాల విషయంలో ఈ రెండో ఎత్తు ఎంతుంటుందో తెలిశాక, మగపెళ్లివారికి విడిది ఏర్పాట్లు చెయ్యడం కూడా తేలికేననిపించింది నాకు.

మా స్నేహితురాలి కొడుకు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆవిడ అక్కడికి ప్రయాణమవుతూ, "అంత దూరం వెళ్తున్నాం గదా, ఒక్క పూటైనా గొప్ప చోట తినొద్దూ? ఏం చెయ్యాలో నువ్వు చెప్పు" అంది. ఆవిడకి చెప్పడం కోసమని, 2011లో డేవిడ్ గెల్బ్ అనే అమెరికన్ తీసిన 'జిరో డ్రీమ్స్ ఆఫ్ సుషీ' అనే డాక్యుమెంటరీ మరోసారి చూశాను. చూస్తున్నకొద్దీ ఏర్పాట్ల సంగతి వెనకబడి, వేరే సంగతి ముందుకొచ్చింది. అయినా వరస తప్పకుండా ఏర్పాట్ల సంగతే ముందు చెబుతాను.

సుషీ అంటే వెనిగరు కలిపిన అన్నాన్ని చిన్న ముద్ద చేసి, దానిమీద చేప ముక్క పెట్టి ఇచ్చేది. ఇలాంటి చోట్ల చాలావాటిలో "నాకిది కావాలి, అది వద్దు" అని పురమాయించే పద్ధతి ఉండదు. 'ఒమకసే' అంటారు. "మీకే వదిలేశాను" అని దాని అర్థం. మన భాషలో చెప్పాలంటే, మీరేది పెడితే అదే మహాప్రసాదం అన్నమాట. చోటు కోసం ఎంతో ముందుగా చెప్పుకోవాలి. పరదేశీయులైతే పెద్ద హోటల్లో దిగి, ఆ హోటలువాళ్ల చేత అడిగించుకోవడం మామూలు. చెప్పిన వేళకి చేరాలి. ఘాటైన సెంట్లు పూసుకోకూడదు, చేప వాసన, బియ్యం వాసన తెలియవట. ముక్క ముందుకి రాగానే నోట్లో వేసుకోవాలి. ఫొటోలు తీస్తూ కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే వంటవాడి మనసు కష్టపెట్టినట్టే.

శాకాహారులకి ఇంకో మాట. అక్కడ కూరగాయలు కనబడితే చాలదు. చాలా పులుసులకీ చారులకీ ఎండబెట్టిన చేప తురుము వేసి కాచిన నీళ్లే ఆధారం. కనుక అలాంటివాళ్లు సుషీ జోలికి పోకుండా, బౌద్ధ మఠాల్లో పుట్టిన 'షోజిన్ ర్యోరి' అనే శాకాహార భోజనం వెతుక్కోవడం మేలు. మా స్నేహితురాలికి అదే చెప్పాను.

ఇక సినిమా. గింజా పేటలో, సబ్‌వే స్టేషను పక్కన, ఒక మేడ కింది నేలమాళిగలో పది కుర్చీల దుకాణం. పేరు 'సుకియబషి జిరో'. యజమాని జిరో ఓనో 1925లో పుట్టాడు. సినిమా నాటికి ఎనభై అయిదేళ్లు. 2007లో మిషెలిన్ వాళ్లు టోక్యోకి మొదటి గైడు వేసినప్పుడు ఈ పది కుర్చీలకీ మూడు నక్షత్రాలిచ్చారు. 2014లో జపాను ప్రధాని అబే, అమెరికా అధ్యక్షుడు ఒబామాని ఇక్కడికే భోజనానికి తీసుకొచ్చాడు. 2019లో మిషెలిన్ వాళ్లు ఈ పేరు తీసేశారు. రుచి తగ్గి కాదు, మామూలు జనానికి అక్కడ చోటు దొరికే దారి లేకపోయింది గనక. ఎవరికీ అందని భోజనానికి మార్కులెందుకని కాబోలు!

సినిమా చూస్తే ఒకటి ఒప్పుకోవాలి. భోజనాన్ని ఇంత ఆలోచించి అమర్చే మనుషులు లోకంలో తక్కువ. యమమొతో అనే భోజన విమర్శకుడు అక్కడి వడ్డనని సంగీత కచేరీతో పోలుస్తాడు. మొదటి భాగంలో ఎప్పుడూ ఉండే సంప్రదాయపు ముక్కలు, మధ్యలో ఆ రోజు బజారులో దొరికిన వాటితో మనోధర్మం, చివర మళ్లీ సంప్రదాయం, కోడిగుడ్డు అట్టుతో మంగళం. పోలిక నాకు నచ్చింది. కొవ్వు పట్టిన చేప ముందే పెట్టేస్తే తర్వాత వచ్చే తేలికపాటి చేప రుచి నాలిక్కి తెలియదు. పెళ్లిభోజనంలో ముందే పాయసం పోసేసి తర్వాత పప్పు వడ్డిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తెర వెనక కష్టం ఇంకా ఎక్కువ. ఆక్టోపస్‌ని మెత్తబడేదాకా నలభై యాభై నిమిషాలు చేత్తో పిసుకుతారు. అన్నం మన ఒంటి వెచ్చదనంతో ఉండాలి, చల్లారకూడదు. కొత్తగా చేరిన శిష్యుడు ముందు అతిథులకిచ్చే వేడి తువాళ్లు పిండడం నేర్చుకోవాలి. గుడ్డు అట్టు పొయ్యవచ్చునని అనుమతి వచ్చేసరికి పదేళ్లు. నకజవ అనే శిష్యుడు రెండువందలకి పైగా అట్లు పోసి, అన్నీ తిరగ్గొట్టించుకుని, చివరికి ఒకనాడు "ఇది బాగుంది" అనిపించుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు!

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది జిరో చూపు. అతిథి ఎడమచేతి వాటమైతే మారుమాట లేకుండా ముక్క అటువైపుకి మారుతుంది. పంక్తిలో ఆడవాళ్లుంటే వాళ్లకి ముద్ద కాస్త చిన్నది చేస్తాడు. అందరూ ఒకేసారి తిని ముగించాలని. పంక్తిలో ఒకరు లేచి ఒకరు కూర్చుని ఉండకూడదన్న మన పెద్దల మర్యాద లాంటిదే ఇది. వండడం చాలామందికి వస్తుంది. తినేవాళ్ల మొహం చూసి వడ్డించడం కొద్దిమందికే వస్తుంది.

ఇంతవరకూ దర్శకుడు చెప్పదలుచుకున్నవే నేనూ చెప్పాను. ఇప్పుడు ఆయన చెప్పని సంగతికి వస్తాను.

జిరో తన చిన్ననాటి సంగతులు చెబుతాడు, కొడుకుల సంగతులు చెబుతాడు. తొమ్మిదో ఏట ఇల్లు విడిచాడట. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు వాళ్లు లేవకముందే దుకాణానికి పోయేవాడు, నిద్రపోయాక వచ్చేవాడు. ఒక ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంటే, "అమ్మా, మనింట్లో ఎవరో కొత్తాయన పడుకున్నాడు" అన్నారట పిల్లలు. జిరో నవ్వుతూ చెబుతాడు. చూసేవాళ్లూ నవ్వుతారు. నేను మాత్రం అక్కడ సినిమా ఆపి కాసేపు ఆలోచనలో పడ్డాను.

ఆ పిల్లలు ఆ మాట ఎవరితో అన్నారు? అమ్మతో. ఆ అమ్మ ఏది? సినిమాలో చేపలమ్మేవాడు మాట్లాడతాడు, రొయ్యలమ్మేవాడు మాట్లాడతాడు, బియ్యంకొట్టు ఆసామీ కూడా, పెద్ద హోటలువాళ్లొచ్చి అడిగినా ఆ బియ్యం ఇవ్వలేదని సరదాగా చెబుతాడు. ఆవిడ మాట ఒక్కటి వినిపించదు. తండ్రి మొహం కూడా ఎరగని పిల్లల్ని పెంచి, వాళ్లకి వేళకి అన్నంపెట్టి, ఇద్దర్నీ ఆ తండ్రి వృత్తిలోనే నిలిచేటట్టు చేసిన ఇల్లాలు ఈ గంటన్నర సినిమాకి అక్కర్లేకపోయింది. పంక్తిలో కూర్చున్న పరాయి స్త్రీ నోటికెంత ముద్ద సరిపోతుందో కనిపెట్టిన మనిషి ఇంట్లో భోజనం ఎలా సాగిందో, కెమేరా అడగనే లేదు.

మన నలభీమపాకం సామెత గుర్తొచ్చింది. రోజూ మూడు పూటలా వండేది ఆడవాళ్లు. రుచికి ఉపమానం కావలసివస్తే నలుడూ భీముడూ! మన వంట పుణ్యకథలన్నీ మగవాళ్లవే. జపానువాళ్లదీ అదే దారి. ఇంటి వంట చాకిరీ, కొట్టు వంట కళ.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అదే 2011లో ఒక అమెరికన్ పత్రిక, సుషీ వంటవాళ్లలో ఆడవాళ్లెందుకు లేరని జిరో పెద్దకొడుకు యోషికజుని అడిగింది. నెలసరి వల్ల ఆడవాళ్ల నాలుక రుచి నిలకడగా ఉండదు, అందుకని వాళ్లు సుషీ వంటకి పనికిరారని ఆయన జవాబు. చదవగానే ఇదెక్కడో విన్న మాటేననిపించింది. మూడు రోజులు వంటింటి గడప తొక్కనివ్వని ఇళ్లు మనమెరగనివా? మడి అని మనమంటే, రుచి అని వాళ్లన్నారు. పేరు మారింది, గడప అదే. తమాషా ఏమిటంటే, అంతకు ముందే, 2010లో, అదే టోక్యోలో అకిహబర పేటలో ఆడవాళ్లే సుషీ చేసే 'నదేషికో' అనే దుకాణం వెలిసింది.

యోషికజు మీద నాకు కోపం లేదు. నిజానికి సినిమాలో నాకు ఎక్కువ జాలేసింది ఆయన మీదే. కాలేజీలో చదువుకోవాలనుకుంటే తండ్రి మాన్పించి కొట్లో పెట్టాడు. మొదటి రెండేళ్లూ పారిపోదామనే ఉండేదని ఆయనే చెప్పాడు. తమ్ముడు రొప్పొంగిలో వేరే దుకాణం పెట్టుకుంటే, ఈయన యాభై ఏళ్లొచ్చినా సైకిలెక్కి బజారుకి పోయి చేపలు తెస్తూ, తండ్రి పక్కన రెండోవాడిగా నిలబడ్డాడు. సినిమా చివర యమమొతో చల్లగా ఒక గుట్టు విప్పుతాడు. మిషెలిన్ పరీక్షకులు వచ్చిన రోజుల్లో వాళ్లకి సుషీ చేసి పెట్టింది జిరో కాదు, యోషికజు! మూడు నక్షత్రాలు ఆ చేతివే. ఒక చెయ్యి చేస్తుంది, ఇంకో చేతికి పేరొస్తుంది. ఈ సంగతి ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? తెలిసి కూడా ఆడవాళ్ల గురించి ఆ మాట అనగలిగాడంటే, పెంపకం అంత గట్టిదన్నమాట.

దర్శకుడు ఆ ఒక్క గుట్టు విప్పినందుకు ఆయన్ని మెచ్చుకుంటాను. ఇంకొక్క గడప దాటి లోపలికి వెళ్లివుంటే ఇది వంట మీద మంచి సినిమా మాత్రమే కాక, మనుషుల మీద గొప్ప సినిమా అయ్యేది. నెమ్మదిగా కదిలే చేతులూ, మెరిసే చేపలూ, ఫిలిప్ గ్లాస్ సంగీతం, ఇవి ఆ లోటుని ఎంతో అందంగా కప్పిపెట్టాయి. అందంగా ఉండబట్టే చాలామందికి లోటు కనపడలేదు.

అయినా సినిమా చూడమనే చెబుతాను. ముఖ్యంగా వంటింట్లో జీవితం గడిపిన ఆడవాళ్లు చూడాలి. ఒక పనిని జీవితమంతా ఎలా చెయ్యొచ్చో అందులో నేర్చుకోవలసింది చాలా ఉంది. చూస్తున్నప్పుడు ఆ పది కుర్చీలూ లెక్కపెట్టండి, బల్ల వెనక నిలబడ్డ మనుషుల్నీ లెక్కపెట్టండి. తర్వాత, ఇంత శ్రద్ధగా పని చేసుకునే తీరికను వాళ్లకి ఇంటి దగ్గర ఎవరు సంపాదించి పెట్టారో ఆ లెక్క కూడా వెయ్యండి. దర్శకుడు వెయ్యని లెక్క అదొక్కటే.