పూటకూళ్ళమ్మ బాకీ

ప్లీడరీ చేసి నాలుగు డబ్బులు వెనకేసుకుని, ఆ తర్వాత రాజకీయాల్లోకి దిగిన పెద్దమనుషుల కథలు మనకేమీ కొత్త కాదు. నల్లకోటు విప్పి ఖద్దరు చొక్కా తొడుక్కున్నంత సులువుగా జరిగిపోతుంది ఆ మార్పు. ‘ది అటార్నీ’ అనే కొరియా సినిమా కూడా అలాంటి కథే కాబోలు అనుకుని కూర్చుంటే మాత్రం ఆశ్చర్యపోవలసి వస్తుంది. ఇందులో ప్లీడరుగారిని ప్రజాస్వామ్యం దారి పట్టించింది సిద్ధాంతం కాదు, గ్రంథం కాదు. ఒక పూటకూళ్ళమ్మకి పడ్డ బాకీ!

యాంగ్ వూ సొక్ తీసిన ఈ సినిమా 2013లో వచ్చింది. దక్షిణ కొరియాలో కోటి టిక్కెట్లకు పైగా అమ్ముడుపోయాయి. కథానాయకుడి పేరు మార్చారు గాని, అతనెవరో అక్కడ చెప్పనక్కర లేదు. 2003 నుంచి 2008 దాకా ఆ దేశానికి అధ్యక్షుడిగా ఉన్న రో మూ హ్యూన్. బీద రైతు బిడ్డ. కాలేజీ గడప తొక్కకుండానే సొంతంగా చదువుకుని 1975లో న్యాయపరీక్ష నెగ్గాడు. కొన్నాళ్ళు జడ్జీగా చేసి, 1978లో బుసాన్ రేవుపట్నంలో ప్రాక్టీసు పెట్టాడు. పన్నుల కేసులు వచ్చిపడ్డాయి. చేతినిండా డబ్బు, కడుపునిండా భోజనం. దేశంలో ఏం జరుగుతోందో పట్టించుకునే తీరికేదీ?

సినిమాలో మొదటి సగం భలే సరదాగా ఉంటుంది. కనపడ్డవాడికల్లా తన కార్డు పంచిపెట్టే ఆ ప్లీడరుని సాంగ్ కాంగ్ హో అనే నటుడు ఎంత సహజంగా చేశాడంటే, మన వీధి చివర ఆఫీసు పెట్టుకున్న మనిషేమో అనిపిస్తాడు. చదువుకునే రోజుల్లో ఒక పూటకూళ్ళింట్లో తిని, జేబులో ఉన్నది ఇవ్వడానికి మనసొప్పక పారిపోయాడితను. ఏడేళ్ళ తర్వాత భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని, కవరునిండా నోట్లు పెట్టుకుని క్షమాపణకి వస్తాడు. ఆవిడ పుచ్చుకోదు. పాత బాకీ నోట్లతో తీరదట. ముఖం చూపిస్తూ, కాళ్ళతో వస్తూ పోతూ తీర్చాలట! మనం ఋణానుబంధం అంటామే, అదన్నమాట. ఈ ఒక్క మాట చుట్టూ సినిమా అంతా తిరుగుతుంది.

అది 1981. సైనికాధికారి చున్ దూ హ్వాన్ పాలన. బుసానులో పుస్తకాలు చదివి చర్చించుకునే ఇరవై ఇద్దరు విద్యార్థుల్నీ, టీచర్లనీ, ఉద్యోగుల్నీ వారంటు లేకుండా పట్టుకుపోయి, చిత్రహింసలు పెట్టి, కమ్యూనిస్టులని ముద్ర వేశారు. సినిమాలో ఆ కుర్రాళ్ళలో ఒకడు పూటకూళ్ళమ్మ కొడుకు. పిల్లవాడు ఏమయ్యాడో తెలియక ఆ తల్లి తిరగని చోటు లేదు, చివరికి శవాలగదితో సహా. ఆఖరికి ప్లీడరు గుమ్మంలోకి వస్తుంది. ఇక పాత బాకీ తీర్చకుండా ఎలా తప్పించుకుంటాడు?

నిజజీవితంలో ఆ కేసును రో చేతికి అప్పగించింది ఊళ్ళోని మరో న్యాయవాది. పూటకూళ్ళమ్మ సినిమా కోసం అల్లిన పాత్ర. అయినా అది తప్పనిపించదు. కుర్రవాడి ఒంటిమీద దెబ్బలు చూశాకే రో మారిపోయాడన్నది నిజం. ఆ దెబ్బల్ని తల్లి కళ్ళతో చూపించాలనుకోవడం కథకుడి హక్కు. 2017లో కన్నుమూసిన కిమ్ యంగ్ ఏ ఆ తల్లిగా జీవించింది.

నా పేచీ అక్కడ కాదు, ఆ తర్వాత. కోర్టు సీన్లు మొదలయ్యాక దర్శకుడు ఆ తల్లిని బెంచీమీద కూర్చోబెట్టి కొంగు తడిపించడం తప్ప మరో పని ఇవ్వలేదు. బాకీ సూత్రం నేర్పిన మనిషికి నోరే లేకుండా పోయింది. ఇక ప్లీడరుగారి భార్య సంగతి చెప్పనే అక్కర్లేదు, వడ్డించడానికీ భయపడడానికీ తప్ప కనపడదు. కథ 1987లో ఆగిపోతుంది. ఉద్యమంలో పట్టుబడి తనే బోనెక్కిన అతని పక్షాన, బుసానులో ఉన్న 142 మంది న్యాయవాదుల్లో 99 మంది నిలబడతారు. ఒళ్ళు గగుర్పొడుస్తుంది, నిజమే. కానీ కాళ్ళతో బాకీ తీర్చడం అసలు మొదలయ్యేది ఆ తర్వాతనే కదా!

1988లో బుసాను నుంచి పార్లమెంటుకి గెలిచాడు. 1990లో తన నాయకుడే వెళ్ళి పాలకపక్షంలో కలిసిపోతే, ఇతను మాత్రం వెళ్ళలేదు. ఆ దేశంలో తూర్పు ప్రాంతంవాళ్ళు ఒక పార్టీకి, పడమటివాళ్ళు మరో పార్టీకి కళ్ళు మూసుకుని ఓటేసే అలవాటు. అది పోవాలంటూ సొంతవాళ్ళకు నచ్చని పార్టీ తరఫున బుసానులోనే నిలబడ్డాడు. 1992లో ఓడాడు. 1995లో మేయరు పదవికి నిలబడి ఓడాడు. రాజధాని సియోల్‌లో గెలిచిన సీటు వదులుకుని మరీ 2000లో మళ్ళీ బుసానుకే వచ్చి ఓడాడు. జనం ‘పిచ్చి మారాజు’ అన్నట్టుగా ముద్దుగా వెర్రివాడన్నారు. ముఖం చూపించడమంటే ఇదీ. గెలిచినప్పుడు ఎవరైనా చూపిస్తారు.

2002 ఎన్నికల్లో అతని మామగారు కమ్యూనిస్టు ఖైదీగా జైల్లో పోయాడన్న సంగతి తవ్వి తీశారు. అది తెలిసే పెళ్ళి చేసుకున్నాననీ, ఇప్పుడు భార్యను వదిలెయ్యమంటారా అనీ సభలో నిలబడి అడిగాడు. సినిమా తీయదగ్గ సీను అంటే అది కాదూ? క్వాన్ యాంగ్ సూక్ అనే ఆ భార్య గురించి మన రచయితలకి ఒక నవల మిగిలే ఉంది.

అధ్యక్షుడిగా అన్నీ ఒప్పులే చేశాడనను. ఇరాక్‌కి సైన్యాన్ని పంపి, అమెరికాతో వ్యాపార ఒప్పందం చేసుకుని సొంతవాళ్ళనే నొప్పించాడు. 2004లో పార్లమెంటు అభిశంసించింది, రాజ్యాంగ న్యాయస్థానం నిలబెట్టింది. కానీ ఒక్కటి మనం గుర్తుంచుకోవాలి. కొరియాలో ఇంటి రిజిస్టరులో యజమాని మగవాడే. తండ్రి పోతే తల్లిని దాటి చంటి కొడుకు యజమాని అయ్యేవాడు. ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడగా, 2005లో ఆయన హయాంలో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేసింది. 2008 నుంచి అమలయింది. ఒంటరిగా కొడుకుని పెంచుకున్న సినిమాలోని ఆ పూటకూళ్ళమ్మకి ఇంతకన్న మంచి చెల్లు ఏముంటుంది? ఆ కేసులో శిక్షపడ్డ ఐదుగురిని 2014లో సుప్రీంకోర్టు నిర్దోషులని తేల్చింది. అది చూడడానికి మాత్రం ఆ ప్లీడరు లేడు.

2009లో, పదవి దిగి పల్లెలో ఉన్న రోజుల్లో, ఒక పారిశ్రామికవేత్త దగ్గర కుటుంబం డబ్బు పుచ్చుకుందన్న ఆరోపణ వచ్చింది. తీరని అప్పులుండి తన ఇంటివాళ్ళు అడిగి తీసుకున్నారని ఆయనే రాసి ప్రకటించాడు. విచారణ నడుస్తుండగానే మే 23న ఊరి వెనక కొండమీదనుంచి దూకి ప్రాణాలు తీసుకున్నాడు.

దేశమంతా ఏడ్చింది. ఆ కన్నీళ్ళను కాదనను. అయినా నాకు పూటకూళ్ళమ్మ మాటే సరైనదనిపిస్తుంది. ఓడిపోయిన ప్రతిసారీ అదే ఊరికి తిరిగొచ్చి ముఖం చూపించినవాడు, ఈ ఒక్కసారీ న్యాయస్థానం మెట్లెక్కి ఉంటే? తప్పుంటే ఒప్పుకుని, లేకుంటే రుజువు చేసుకుని, జనంలోకి వస్తూ పోతూ తీర్చుకోవలసిన బాకీ అది. ప్రాణమిస్తే తీరే బాకీ లోకంలో ఏదీ లేదు. అది ఇంట్లో మిగిలిన ఆడమనిషి నెత్తిన పడుతుంది, అంతే.

సినిమా తప్పక చూడండి. 99 మంది లేచి నిలబడ్డప్పుడు చప్పట్లు కూడా కొట్టండి. కానీ దీపాలు వెలిగాక, అక్కడ ఆగిపోయిన కథని మిగతా ఇరవై రెండేళ్ళూ మీరే నడిపించుకోండి. అసలు అప్పుపత్రం అందులో ఉంది.