లోపలిదాన్ని కదపకుండా

సైన్ ఎక్స్ గ్రాఫు ఎలా ఉంటుందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకే ఎత్తు, ఒకే ఎడం, ఎంత దూరం పోయినా అదే నడక. ఇప్పుడు ఎక్స్ ఉన్నచోట ఎక్స్ స్క్వేర్ పెట్టి మళ్లీ గీయండి. ఎత్తు మారదు. అల ఎప్పటిలాగే ఒకటికీ మైనస్ ఒకటికీ మధ్యనే లేచి పడుతుంది. నడక మాత్రం పూర్తిగా వేరు. సున్నా దగ్గర నేలకు ఆనుకుని, లేవాలా వద్దా అన్నట్టు మొదలైన గీత కాస్త ముందుకు జరిగేసరికి ఊపందుకుంటుంది. అలల మధ్య ఎడం తగ్గుతుంది, ఇంకా తగ్గుతుంది. కాగితం చివరికి వచ్చేసరికి పెన్సిలు మొన పట్టనంత ఇరుకులో పైకీ కిందికీ కొట్టుకుంటూ ఉంటుంది.

ఈ బొమ్మ ఎంతసేపు చూసినా నాకు తనివి తీరదు. కాలిక్యులస్‌లోని చైన్ రూల్ ఇక్కడ కంటికే కనిపిస్తుంది. ఈ ప్రమేయానికి అవకలజం: కాస్ ఎక్స్ స్క్వేర్ ఇంటూ రెండు ఎక్స్. మామూలు సైన్ గీత ఎంత నిటారుగా లేచినా దాని వాలు 1 దాటదు. ఇక్కడ ఎక్స్ 2.507 దగ్గర, అంటే ఎక్స్ స్క్వేర్ రెండు పై అయ్యేచోట, వాలు 5.01. ఎక్స్‌ను రెట్టింపు చేసి 5.013 దగ్గరికి వెళితే వాలు కూడా రెట్టింపై 10.03. రెండుచోట్లా కాస్ విలువ ఆ ఒకటే. పెరుగుదలంతా పక్కన నిలబడ్డ రెండు ఎక్స్‌ది. లోపలివాడి తొందర బయటివాడి ఒంట్లోకి ఎక్కింది.

ఇంకాస్త దగ్గరగా చూడండి. ఈ గీత అక్కడక్కడా ఒక క్షణం ఆగి దిశ మార్చుకుంటుంది. అక్కడ వాలు సున్నా. అల శిఖరం మీద ఆగడం ఒక రకం. ఎక్స్ 1.2533 దగ్గర ఎక్స్ స్క్వేర్ పై బై టూ అవుతుంది, కాస్ సున్నా అవుతుంది, గీత ఆగుతుంది. లోపలి వర్గం ఆగలేదు, అది పరుగులోనే ఉంది. ఆగింది సైన్. మూలబిందువు దగ్గర ఆగడం మరో రకం. అక్కడ కాస్ విలువ 1, అంటే సైన్ తన పూర్తి జోరుతో దూకడానికి సిద్ధంగా ఉంది. కానీ లోపల ఎక్స్ స్క్వేర్ ఇంకా కదల్లేదు. అందుకే గీత నేలను వదల్లేదు. చూపుకు రెండూ ఒకేలాంటి విరామాలు. లబ్ధంలో రెండు కారణాంకాలూ విడివిడిగా నిలబడ్డాయి కాబట్టి ఏ విరామం ఎవరి వల్ల వచ్చిందో చెప్పగలుగుతున్నాం. ఒకే నిశ్చలత వెనక ఉన్న రెండు కారణాలను ఇంత తేటగా విడదీసి చూపే వాక్యం కావ్యంలో దొరికినా ఇలాగే మురిసిపోతాను.

ఇంటర్‌లో ఎంపీసీ చదివిన ఎవరి చేతికైనా అలవాటైన సూత్రమే ఇది. క్లాసులో చెప్పే మాట కూడా దాదాపు ఒకటే: బయటిదాన్ని డిఫరెన్షియేట్ చెయ్యి, లోపలిదాన్ని అలాగే ఉంచు, తర్వాత లోపలిదాన్ని డిఫరెన్షియేట్ చేసి గుణించు. ఈ మూడు ముక్కల్లో పరీక్ష కోసం మనం మొదటిదీ మూడోదీ గట్టిగా పట్టుకుంటాం. అందమంతా నడిమి ముక్కలో ఉంది. లోపలిదాన్ని అలాగే ఉంచు.

ఎక్స్ విలువ 3 అనుకుందాం. వర్గం దాన్ని 9 చేసి సైన్‌కు అందించింది. సైన్‌కు 3 సంగతి తెలియదు. 9 దగ్గర తాను ఎంత వాలి ఉందో అదొక్కటే తెలుసు. కాబట్టి దాన్ని అడగాల్సింది 9 దగ్గరి సంగతే: కాస్ 9. ఇక 3 దగ్గర తాను ఎంత జోరుగా పెరుగుతున్నదో చెప్పాల్సింది వర్గం: 6. తొందరలో కాస్ రెండు ఎక్స్ అని రాసేస్తే మార్కు పోతుందనేది చిన్న విషయం. ఆ జవాబు సైన్‌ను తీసుకెళ్లి 6 దగ్గర నిలబెడుతుంది. సైన్‌కు ఇక్కడ 6తో ఏ పనీ లేదు. ఎక్కడ ఏది తగునో అక్కడ దాన్నే ఉంచడాన్ని మన ఆలంకారికులు ఔచిత్యం అన్నారు. క్షేమేంద్రుడైతే కావ్యానికి ప్రాణం అదేనన్నాడు. చైన్ రూల్‌కూ ప్రాణం అదే.

పొరలు పెరిగినా ఈ మర్యాద తప్పదు. లాగ్ ఆఫ్ లాగ్ ఆఫ్ లాగ్ ఎక్స్ తీసుకోండి. బయటి లాగ్‌ను తాకితే ఒకటి బై లాగ్ లాగ్ ఎక్స్. దాని లోపలి లాగ్‌ను తాకితే ఒకటి బై లాగ్ ఎక్స్. అట్టడుగున ఒకటి బై ఎక్స్. మూడింటినీ గుణిస్తే హారంలో ఎక్స్, లాగ్ ఎక్స్, లాగ్ లాగ్ ఎక్స్ పక్కపక్కన వరుసగా కూర్చుంటాయి. ప్రబంధంలోని దీర్ఘసమాసానికి విగ్రహవాక్యం చెప్పుకున్నప్పుడు ఒకదాని కడుపులో ఒకటి ఒదిగిన పదాలన్నీ బయటికొచ్చి, ప్రతిదీ తన సంబంధం తాను చెప్పుకున్నట్టు ఉంటుంది. ప్రయాణంలో దాటివచ్చిన ప్రతి మజిలీ హారంలో ఉంది. చేరుకున్న గమ్యం, లాగ్ లాగ్ లాగ్ ఎక్స్, మాత్రం లేదు.

ఇప్పుడు దీన్ని తిరగేసి ఈ పవర్ ఈ పవర్ ఈ పవర్ ఎక్స్ తీసుకుందాం. ఎక్స్‌పొనెన్షియల్ తన అవకలజం తానే కాబట్టి ఏ పొరను తాకినా అదే పొర మిగులుతుంది. మొత్తం గోపురం ఒకసారి, దాని లోపలిది ఒకసారి, దాని లోపలి ఈ పవర్ ఎక్స్ ఒకసారి, మూడూ గుణకారంలో నిలుస్తాయి. ఈసారి గమ్యం ఉంది. బయలుదేరిన ఎక్స్ మాత్రం విడిగా ఎక్కడా లేదు. ఒకదానికొకటి విలోమాలైన రెండు ప్రమేయాలు. ఒకటి గమ్యాన్ని దాచి మొదలును చూపిస్తే, రెండోది మొదలును దాచి గమ్యాన్ని చూపించింది. ఎవరూ పనిగట్టుకుని కూర్చిన అలంకారం కాదిది. సూత్రాన్ని నిజాయితీగా అమలు చేస్తే దానంతట అదే ఏర్పడ్డ సౌష్ఠవం.

లైబ్నిట్జ్ చేతిలో ఈ సూత్రానికి మరో రూపం వచ్చింది. లోపలిదాన్ని యూ అంటే, డీవై బై డీఎక్స్ అంటే డీవై బై డీయూ ఇంటూ డీయూ బై డీఎక్స్. 1676 నాటి ఆయన రాతప్రతిలో ఏ ప్లస్ బీ జెడ్ ప్లస్ సీ జెడ్ స్క్వేర్ మొత్తానికి వర్గమూలం తీసుకుని, దాన్ని ఈ పద్ధతిలోనే అవకలనం చేసిన లెక్క ఉంది. అందులో ఒక గుర్తు తప్పు కూడా దొర్లింది. ఆ తప్పు నాకు ఆప్యాయంగా అనిపిస్తుంది, ఒక మహాసూత్రం తొలి అడుగులు అక్కడ వినిపిస్తాయి కాబట్టి. నడిమి డీయూలు పైనా కిందా ఎదురెదురు పడి కొట్టేసుకుంటున్నట్టు కనిపించే ఆ రాతకు ఉన్న లయ దేనికీ లేదు. ప్రమాణాలు సైతం ఆ లయలోనే నడుస్తాయి. కిందిస్థాయి వాతావరణంలో ప్రామాణికంగా కిలోమీటరు ఎత్తుకు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. విమానం నిమిషానికి 0.6 కిలోమీటరు ఎక్కుతుంటే బయటి గాలి నిమిషానికి 3.9 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. కిలోమీటర్లు తమ పని చేసి తప్పుకున్నాయి.

లగ్రాంజ్ 1797లో తన గ్రంథంలో రాసిన పద్ధతి వేరు. బయటిది ఎఫ్, లోపలిది జీ అయితే: ఎఫ్ ప్రైమ్ ఆఫ్ జీ ఆఫ్ ఎక్స్, ఇంటూ జీ ప్రైమ్ ఆఫ్ ఎక్స్. ఇది నాలుకకు లైబ్నిట్జ్ రాత అంత తేలిక కాదు. కానీ లైబ్నిట్జ్ రాత చెప్పకుండా వదిలేసిన సంగతిని, బయటి అవకలజాన్ని ఏ చోట లెక్కకట్టాలనేదాన్ని, ఇది బ్రాకెట్లో పెట్టి చూపిస్తుంది. పాడుకోవడానికి లైబ్నిట్జ్, అర్థం చేసుకోవడానికి లగ్రాంజ్. ఒక్కటే ఉంచుకోమంటే నేను లగ్రాంజ్‌నే ఉంచుకుంటాను.

లైబ్నిట్జ్‌కు ఒకటిన్నర శతాబ్దానికి పైగా ముందు, 1500 ప్రాంతంలో, కేరళలో నీలకంఠ సోమయాజి తంత్రసంగ్రహం రాశాడు. అందులో చంద్రుడి గతి చెప్పేచోట ఒక శ్లోకం ఉంది. సగటు గతితో లెక్కకట్టిన మధ్యమ చంద్రుణ్ణి అసలు స్థానంలోని స్ఫుట చంద్రుడిగా మార్చే సవరణ మూడు పొరల కట్టడం. కాలంతోపాటు మందకేంద్రం అనే కోణం మారుతుంది. ఆ కేంద్రపు జ్య (సైన్) నుంచి బాహుఫలం వస్తుంది. ఆ బాహుఫలానికి చాపం కడితే సవరణ వస్తుంది. ఈ సవరణ ఏ క్షణంలో ఎంత వేగంగా మారుతోందన్నది ప్రశ్న. నీలకంఠుడి జవాబు ఇది: కోటిఫలాన్ని కేంద్రగతితో గుణించు; త్రిజ్యావర్గంలోంచి (త్రిజ్య అంటే వ్యాసార్ధం) బాహుఫల వర్గాన్ని తీసేసి మూలం కట్టు; ఆ మూలంతో భాగించు.

పొర పొరగా సరిచూసుకోండి. కేంద్రగతి అట్టడుగు పొర వేగం. బాహుఫలాన్ని అవకలనం చేస్తే వచ్చేది కోటిఫలం, సైన్ నుంచి కాస్ వచ్చినట్టే. మూలంతో భాగించడం చాపం కట్టే బయటి పొర తాలూకు అవకలజం, దాన్ని లెక్కకట్టింది బాహుఫలం దగ్గరే. లోపలిదాన్ని కదపకుండా! చైన్ రూల్ అనే సాధారణ సూత్రం ఆ గ్రంథంలో ఉందని నేను అనడం లేదు. ఈ ఒక్క సందర్భంలో దాని ఫలం మాత్రం పొల్లుపోకుండా ఉంది. అదీ రథోద్ధత వృత్తంలో. బాహుఫల వర్గం, త్రిజ్య, మూలం, భాగహారం అన్నీ పాదానికి పదకొండు అక్షరాల నడకలో గణభంగం లేకుండా సాగిపోతాయి.

ఇక నిరూపణ దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ సూత్రపు అసలైన సొగసు బయటపడేది అక్కడే. డీయూలను కొట్టేసే పద్ధతి నిరూపణగా నిలబడదు. యూలో వచ్చిన మార్పుతో భాగించాలంటే అది సున్నా కాకూడదు. ఎక్స్ స్క్వేర్ ఇంటూ సైన్ ఆఫ్ వన్ బై ఎక్స్ అనే ప్రమేయాన్ని లోపల పెట్టి, సున్నా దగ్గర దానికి సున్నా విలువ ఇవ్వండి. మూలబిందువుకు ఎంత దగ్గరగా వెళ్లినా ఆ ప్రమేయం లెక్కలేనన్నిసార్లు సున్నాను తాకుతూనే ఉంటుంది. అయినా అక్కడ దానికి అవకలజం ఉంది, అది సున్నా. సూత్రం ఇక్కడా నిజమే. కొట్టివేత మాత్రం ఇక్కడ సాగదు.

దీనికి జర్మనీలో స్థిరపడిన గ్రీకు గణితజ్ఞుడు కరాతియోదొరి పేరుతో ప్రసిద్ధమైన దారి ఒకటుంది. ఆయన నిర్వచనంలో భాగహారం ఉండదు. ఎఫ్‌లో వచ్చిన మార్పు అంటే ఒక గుణకం ఇంటూ చలరాశిలో వచ్చిన మార్పు. ఆ గుణకం మనకు కావలసిన బిందువు దగ్గర అవిచ్ఛిన్నంగా ఉంటే, అక్కడ దాని విలువే అవకలజం. అంతే. ఇప్పుడు చలరాశి స్థానంలో జీని కూర్చోబెట్టండి. బయటి మార్పు అంటే బయటి గుణకం ఇంటూ జీలో వచ్చిన మార్పు. జీలో వచ్చిన మార్పు అంటే లోపలి గుణకం ఇంటూ ఎక్స్‌లో వచ్చిన మార్పు. కాబట్టి మొత్తం గుణకం ఆ రెండు గుణకాల లబ్ధం. అవిచ్ఛిన్న ప్రమేయాల సంయోగమూ లబ్ధమూ అవిచ్ఛిన్నాలే. నిరూపణ పూర్తయింది. ఎక్కడా భాగించలేదు కాబట్టి సున్నా భయం ఎక్కడా రాలేదు. జీ సున్నాను ఎన్నిసార్లు తాకినా తాకనివ్వండి, ఇరువైపులా సున్నా వస్తుంది, సమీకరణం చెక్కుచెదరదు. లబ్ధం ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉంది. స్థానికంగా చూస్తే ప్రతి మార్పూ ఒక గుణకారమే. గుణకారం మీద గుణకారం జరిగితే వచ్చేది గుణకారమే.

ఒకసారి తాకితే ఇంత శాంతంగా ఉన్న సూత్రం రెండోసారి, మూడోసారి తాకితే వికసించడం మొదలుపెడుతుంది. రెండో అవకలజంలో రెండు పదాలు: ఎఫ్ డబుల్ ప్రైమ్ ఇంటూ జీ ప్రైమ్ స్క్వేర్, దానికి తోడు ఎఫ్ ప్రైమ్ ఇంటూ జీ డబుల్ ప్రైమ్. మూడోదానిలో మూడు పదాలు, వాటి గుణకాలు 1, 3, 1. దీనికి సాధారణ రూపం 1800లో ఆర్బోగాస్ట్ ఇచ్చాడు, కానీ పేరు నిలిచింది 1855లో ప్రచురించిన ఫా ది బ్రూనోకు. ట్యూరిన్‌లో గణితం బోధించి, తర్వాత క్రైస్తవ మతాచార్యుడైన ఆయనను 1988లో చర్చి పుణ్యాత్ముల్లో చేర్చింది.

ఆ నడిమి 3 ఎక్కడిది? మూడుసార్లు తాకాం. ప్రతి స్పర్శా బయటి ఎఫ్ మీద పడి కొత్త జీ ప్రైమ్‌ను తెచ్చుకోవచ్చు, లేదా అంతకుముందే వచ్చి ఉన్న ఒక జీ మీద పడి దాని అంతస్తు పెంచవచ్చు. ఏ స్పర్శలు ఒకే జీ మీద పడ్డాయన్నదాన్ని బట్టి స్పర్శలు గుంపులుగా విడిపోతాయి. ముగ్గురిని ఒక జంటగా, ఒక ఒంటరిగా విడదీసే పద్ధతులు మూడే. నాలుగోసారి తాకితే పదాలు అయిదు, గుణకాలు 1, 6, 3, 4, 1. నలుగురిలో ఒక జంటను మాత్రమే కలిపే పద్ధతులు ఆరు, రెండు జంటలు కట్టే పద్ధతులు మూడు, ముగ్గురిని ఒక గుంపు చేసి ఒకరిని విడిగా ఉంచే పద్ధతులు నాలుగు, అందరినీ విడివిడిగా ఉంచడం ఒకటి, అందరినీ కలిపేయడం ఒకటి. మొత్తం 15. నాలుగు వస్తువులను గుంపులు చేసే పద్ధతులన్నీ సరిగ్గా అన్నే.