చీనీ తోటలో రక్తపిశాచి

రక్తపిశాచిని అనంతపురం తీసుకొచ్చి నవల రాద్దామంటే మొట్టమొదట అడ్డొచ్చేది ఎండ. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, వేసవిలో రాళ్లు పగిలే ఎండ. అలాంటి చోటికి ఏ పిశాచి వస్తుంది? వచ్చినా మొదటి అధ్యాయంలోనే బూడిదవుతుంది. అయితే ఎండ తగిలి చావడమన్నది బ్రాం స్టోకర్ పెట్టిన నియమం కాదు. 1897 నాటి ‘డ్రాకులా’లో కౌంటుగారు పట్టపగలే లండన్‌లో తిరుగుతాడు, కాకపోతే పగటిపూట శక్తులు పనిచేయవు. వెలుగు సోకగానే మాయమైపోవడం 1922లో వచ్చిన ‘నోస్ఫెరాటు’ అనే మూగ సినిమా పుణ్యం. నేను సినిమాను వదిలి పుస్తకం పక్షాన చేరాను. నా పిశాచి తలకు తువ్వాలు చుట్టుకుని మిట్టమధ్యాహ్నం నడుస్తాడు. ఊళ్లో అందరూ అలాగే నడుస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

తరవాతి తంటా సమాధి. సమాధిలో బతికున్న మనిషంటే యూరప్ పాఠకుడికి ఒళ్లు జలదరిస్తుంది. మన సీమలో దండం పెడతారు. 1671లో మంత్రాలయంలో బృందావనస్థులైన రాఘవేంద్రస్వామి ఇప్పటికీ లోపలే ఉన్నారని, కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారు మళ్లీ వస్తారని నమ్మే జనానికి శవపేటిక చూపించి భయపెట్టగలమా? దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో మఠం భూముల సంగతి తేల్చడానికి మంత్రాలయం వెళ్లి, బృందావనం ముందు నిలబడి స్వామితో మాట్లాడాడని, పక్కనున్నవాళ్లకు ఆ స్వామి కనపడలేదు, వినపడలేదని కథ. పైగా ఆయన సిపాయి, హైదరలీ, టిప్పులతో యుద్ధాలు చేసొచ్చినవాడు. 1827లో పత్తికొండలో కలరాతో పోతే గుత్తిలో పూడ్చిపెట్టి, ఆ తరవాత అస్థికలు మద్రాసు కోటకు తరలించారు. యుద్ధం చూసిన దొర, సమాధితో సంభాషణ, గుత్తిలో ఖాళీ అయిన గొయ్యి. నవల దానంతటదే నడిచొచ్చి తలుపు తట్టినట్టే ఉంది కదా! చాన్నాళ్లు ఆశపడ్డాను. కానీ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న చోట ఆయనకు కోరలు మొలిపిస్తే పాఠకుడు నవ్వుతాడు, లేదంటే తంతాడు. వదిలేశాను.

ఇక రక్తమంటారా, జాతర రాత్రి బలి నెత్తురు కలిపిన అన్నాన్ని పొలిమేర పొడుగునా ‘పొలి’ చల్లుకుంటూ పోయే ఊళ్లు ఇవి. నాలుగు చుక్కలకు జడుసుకోరు.

స్టోకర్ దగ్గర నేను మారు మాట్లాడకుండా తీసుకున్న నియమం ఒక్కటే: ఇంట్లోవాళ్లు పిలిస్తే తప్ప వాడు గడప దాటలేడు. ‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద రాసుకున్న జనానికి గడప సంగతి ఒకరు చెప్పాలా? దయ్యాన్ని కూడా పొమ్మనలేక గుమాస్తాలా వాయిదా వేసి పంపాం. పైగా మా వైపు ఎవరు గుమ్మంలోకొచ్చినా ‘రాప్పా, కూచో, నీళ్లు తాగు’ అనేస్తారు. పిశాచికి అంతకన్నా ఏం కావాలి? బోర్లు వేయించే ఏజెంటుగా నున్నటి మొహంతో వస్తాడు, ప్రతి ఇంట్లో మంచం వాల్చి కూచోబెడతారు.

ఊళ్లో ఎవరూ ఇంట్లోకి పిలవనిది నా నవలలోని హవల్దారును. 1987లో శాంతిసేనతో జాఫ్నా పోయి, మందుపాతర పేలి మొహం ఎడమ సగం కాలిపోయి వచ్చినవాడు. వెయ్యిమందికి పైగా మన జవాన్లు చచ్చిపోయిన ఆ యుద్ధం ఊళ్లో ఎవరికీ లెక్కలో లేదు. అతనితో పనల్లా క్యాంటీన్ రమ్ముతోనే. ‘మిలిట్రీ అన్నా, సీసా ఏమన్నా ఉండాదా?’ అని అరుగు మీద నుంచే అడిగి, తీసుకుని, అటునుంచటే పోతారు. చంటిపిల్లల్ని అతని కంట పడనివ్వరు. రాత్రిళ్లు నిద్రపట్టక వీధులు తిరుగుతాడు. పిశాచి లక్షణాలన్నీ ఇతనివే! వాడి గుట్టు కనిపెట్టిందీ ఇతనే, చెబితే ఎవరు నమ్ముతారు? యండమూరి ‘తులసిదళం’లో డాక్టర్లనూ మాంత్రికులనూ పక్కపక్కనే నడిపించి పాఠకుణ్ణి ఊపిరాడకుండా చేశాడు. నాకు ఆ ఇద్దరి పనీ కాలిన మొహమున్న ఈ ఒక్కడే చేస్తున్నాడు.

అన్నిటికన్నా సులువుగా వచ్చిన అధ్యాయం రాత్రి కరెంటుది. ఇంగ్లీషు నవలల్లో చీకటి పడితే తలుపులు బిగించుకుంటారు. తొంభైల్లో మన రైతు చీకట్లోనే ఒంటరిగా బయలుదేరేవాడు, ఎందుకంటే త్రీఫేస్ అప్పుడే వచ్చేది. టార్చి చంకలో పెట్టుకుని, స్టార్టర్ పెట్టెను కట్టెతో రెండుసార్లు తడతాడు, లోపల పాముందేమోనని. పచ్చ బటన్ నొక్కుతాడు. మోటారు మూలుగుతుంది. పైపులో ముందు గాలి తన్నుకొస్తుంది, బుస్సుమంటూ, ఆగుతూ, మళ్లీ బుస్సుమంటూ. నీళ్లొస్తాయా, రావా? ఆ గాలి చప్పుడు తెగకుండానే చీనీ చెట్ల కింద నుంచి ఎవరో తీరిగ్గా అడుగుతారు: ‘నీళ్లొచ్చినాయాప్పా?’ రక్తం ఊసు ఆ అధ్యాయం మొత్తంలో ఎక్కడా లేదు.

ముగింపు దగ్గర మాత్రం స్టోకర్‌తో నాకు పేచీ ఉంది. కౌంటు చచ్చాక, వాడి బారిన పడ్డ మీనా నుదుటి మీది కాలిన మచ్చను ఆయన పూర్తిగా చెరిపేశాడు. శత్రువు పోతే గాయం కూడా పోవడం బాగానే ఉంటుంది, కానీ యుద్ధం నుంచి వచ్చినవాళ్లను చూసినవాడెవడూ అలా రాయడు. మా హవల్దారు మొహం అలాగే ఉంటుంది. పిశాచిని పూడ్చిన నవంబరులోనే అతను పింఛను కోసం, తాను బతికే ఉన్నానని సర్టిఫికెట్టు ఇవ్వడానికి బ్యాంకుకు పోవాలి. ప్రస్తుతం ఆ కౌంటరు దగ్గరే ఉన్నాను. ఫారానికి అంటించిన ఫొటో జాఫ్నా పోకముందుది, ఆ తరవాత అతను ఫొటో తీయించుకోలేదు. గుమాస్తా ఫొటోనూ మనిషినీ మార్చి మార్చి చూసి, కొత్తది తీయించుకుని రేపు రమ్మంటున్నాడు.