శఠగోపం, పంగనామం, కుచ్చుటోపీ: మోసాన్ని చెప్పే జాతీయాలలో నవ్వు

తెలుగులో మోసాన్ని తెలిపే మాటలన్నీ ఒక తీరువి కావు. వంచన, కపటం, మోసం అనేవి చేసినవాని దోషాన్ని చెప్పి ఊరుకుంటాయి. శఠగోపం పెట్టడం, పంగనామం పెట్టడం, టోపీ పెట్టడం, చెవిలో పువ్వు పెట్టడం అనే జాతీయాలలో దోషంతోపాటు నవ్వు కూడా ఉంది. వీటికి ‘మోసగించు’ అన్న ఒక్క అర్థం రాసి సరిపెడితే ఆ నవ్వు ఎవరిమీదో తెలియదు.

వీటిలో శఠగోపం కథ విచిత్రమైనది. వైష్ణవాలయాలలో విష్ణుపాదాల గుర్తులు గల కిరీటాకార పాత్రను అర్చకుడు భక్తుని తలపై ఉంచుతాడు. అదే శఠగోపం. నమ్మాళ్వారుకు గల శఠకోపుడనే పేరే దానికీ వచ్చింది. సంస్కృతంలో ‘శఠ’ శబ్దానికి ధూర్తుడు, మోసగాడు అని అర్థం. పుట్టిన శిశువును అజ్ఞానంలో ముంచే శఠవాయువుపై కోపించినందున ఆళ్వారుకు ఆ పేరు వచ్చిందని సంప్రదాయం చెబుతుంది. ‘శఠగోప్యం’ అని దిద్ది, రహస్యంగా కోరిక చెప్పుకోవడమని వివరించడం లోకవ్యుత్పత్తి మాత్రమే. శాఠ్యంపై కోపాన్ని సూచించే పదం వాడుకలో శాఠ్యానికే పేరైంది! దీనికి కారణం వ్యుత్పత్తిలో దొరకదు, గుడిలో భక్తుడు నిలిచే భంగిమలో దొరుకుతుంది. శఠగోపం పెట్టించుకునేవాడు తనంతట తానే తల వంచుతాడు.

పంగనామం పంగలా చీలిన ఊర్ధ్వపుండ్రం. అప్పు ఎగవేత సందర్భంలో ఎక్కువగా వినిపిస్తుంది. టోపీకి తోడు ఉర్దూ, హిందీలలో ‘టోపీ పహనానా’ ఉంది. తార్నాక, మల్కాజిగిరి వీథులలో ఈ భాషలు తెలుగుతో కలిసే వినిపిస్తాయి. కుచ్చుటోపీ అనగానే నిజాం కాలపు హైదరాబాదులో గౌరవచిహ్నంగా ధరించిన రూమీ టోపీ గుర్తుకు రావడం సహజం. చెవిలో పువ్వు సరేసరి, దేవుని ప్రసాదపుష్పాన్ని పెట్టుకునే చోటు అదే.

ఇవన్నీ మర్యాదలే. నుదురు, నడినెత్తి, చెవి వెనుక భాగం ఎవరి కంటికి వారికి కనిపించవు. పెట్టించుకున్నవాడు తప్ప ఊరంతా చూస్తుంది. నవ్వు పుట్టేది అక్కడే. అది పడేది మోసపోయినవానిమీద. చిట్టీల వ్యాపారి పరారైతే ‘కుచ్చుటోపీ’ అని శీర్షిక పెట్టే పత్రిక, సొమ్ము పోయినవారిని తెలియకుండానే హాస్యపాత్రలను చేస్తున్నది.

గురజాడ ఈ దారిన పోలేదు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో సమూలంగా మారి వెలువడిన ‘కన్యాశుల్కము’లో, సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పుచ్చుకొని గిరీశం ఖర్చుపెట్టేస్తాడు. జాతీయాల లెక్క ప్రకారం నవ్వులపాలు కావలసింది ఆమె. నాటకంలో మాత్రం ఆమె చీపురుతో మధురవాణి ఇంటికి వస్తుంది. మంచం కింద దూరినవాడు గిరీశం ఒక్కడే కాదు, ముందే అక్కడ రామప్పపంతులు ఉన్నాడు. దెబ్బ పంతులుకు తగులుతుంది.